చిన్నపిల్లల్లో మాగ్ యాంటీబాడీ జబ్బు: ఏ పరీక్ష, ఏ మందు, ఎప్పుడు

జలుబో జ్వరమో తగ్గిన వారం పది రోజులకు పిల్లాడు ఉన్నట్టుండి మత్తుగా పడుకుంటాడు. లేపితే చిరాకు పడతాడు, నడిస్తే తూలతాడు. కొందరికి ఫిట్స్ వస్తాయి, కొందరికి మూత్రం బిగుసుకుపోతుంది. కొందరికి చూపు పోతుంది. నాలుగేళ్ళ పిల్ల "నాకు కనపడట్లేదు" అని చెప్పదు. ప్లేట్లో బిస్కెట్ కోసం చేత్తో తడుముకుంటుంది, గుమ్మానికి కొట్టుకుంటుంది. ఎంఆర్‌ఐ తీస్తే మెదడులో అక్కడక్కడ పెద్ద పెద్ద తెల్ల మచ్చలు. డాక్టర్లు ముందు "ఏడెమ్" అంటారు, అంటే మెదడులో, వెన్నుపాములో ఉన్నట్టుండి వచ్చే వాపు. కొన్ని రోజులకు రక్తపరీక్షలో మాగ్ యాంటీబాడీ పాజిటివ్ అని వస్తుంది. అక్కడి నుంచి అమ్మానాన్నల ముందు ఒకదాని వెంట ఒకటి నిర్ణయాలు వచ్చి పడతాయి.

మా అమ్మాయికి నాలుగేళ్ళప్పుడు ఈ జబ్బు వచ్చింది. నేను డాక్టర్ని కాను. అప్పటి నుంచి చదివి, పిల్లల న్యూరాలజిస్టులను విసుగు లేకుండా అడిగి తెలుసుకున్నదాన్ని ఇక్కడ పోల్చి పెడుతున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అందరూ మొదట అడిగేది "ఏ మందు మంచిది?" అని. దానికన్నా ముందు తేల్చుకోవలసింది "ఇది ఎన్నో ఎటాక్, ఇప్పుడు ఏ దశలో ఉన్నాం?" అని. ఎటాక్ నడుస్తున్నప్పుడు ఒక్క రోజు కూడా వృథా చేయకూడదు. మొదటి ఎటాక్ తగ్గాక ఏళ్ళ తరబడి వాడే మందుల కోసం తొందరపడకూడదు. ఈ రెండూ తారుమారైన ఇళ్ళు నాకు చాలానే తెలుసు.

ఇది ఎంఎస్ కాదు, ఎన్‌ఎంఓ కాదు

మెదడు, వెన్నుపాము, కంటినరంలోని నరాల పోగుల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. ఆ పొరకు అన్నిటికన్నా పైభాగాన ఉండే ప్రొటీన్లలో ఒకటి మాగ్. రిపోర్టుల్లో ఎంఓజీ అని ఉంటుంది. శరీరం పొరపాటున దాని మీద యాంటీబాడీలు తయారుచేస్తే మైలిన్ దెబ్బతింటుంది, నరంలో సంకేతాలు ఆగిపోతాయి. పిల్లల్లో చాలాసార్లు ఈ పొర మళ్ళీ బాగుపడుతుంది. భయంకరంగా కనిపించిన ఎంఆర్‌ఐ కొన్ని నెలల తర్వాత తీస్తే దాదాపు శుభ్రంగా ఉండటం ఈ జబ్బులో అరుదేమీ కాదు. ఎంఎస్‌లో (మల్టిపుల్ స్క్లెరోసిస్, మైలిన్‌నే దెబ్బతీసే ఇంకో దీర్ఘకాలపు జబ్బు) మచ్చలు సాధారణంగా అలా మాయమైపోవు.

పేరు ఎందుకు ముఖ్యమంటే, మందులు వేరు. ఎంఎస్‌కు వాడే ఇంటర్‌ఫెరాన్, గ్లాటిరమర్ లాంటివి మాగ్ జబ్బులో పనిచేయవని పిల్లల మీద జరిగిన పరిశీలనల్లోనే తేలింది. పదకొండేళ్ళలోపు పిల్లల్లో ఎంఎస్ చాలా తక్కువ. ఆ వయసులో ఏడెమ్ రూపంలో వచ్చిందంటే మాగ్ పరీక్ష చేయించాల్సిందే. కాస్త పెద్ద పిల్లల్లో ఇదే జబ్బు ఎక్కువగా కంటినరం వాపుగా మొదలవుతుంది. వెన్నునీరు తీసి పరీక్షించినప్పుడు ఆలిగోక్లోనల్ బ్యాండ్స్ అనేవి ఎంఎస్ పిల్లల్లో ఎక్కువమందికి ఉంటాయి, మాగ్ పిల్లల్లో కొద్దిమందికే. ఎన్‌ఎంఓ అనే మూడో జబ్బులో యాంటీబాడీ ఆక్వాపోరిన్-4 అనే వేరే ప్రొటీన్ మీద ఉంటుంది. ఒక్కో ఎటాక్ మిగిల్చే నష్టం అందులో ఎక్కువ, అందుకే మొదటి ఎటాక్ నుంచే దీర్ఘకాలపు మందు మొదలుపెడతారు. మాగ్ పరీక్షకు రక్తం పంపేటప్పుడే ఆక్వాపోరిన్ పరీక్ష కూడా పంపమని అడగండి.

మన వైపు ఇంకో మాట కలుపుకోవాలి. జ్వరం, మత్తు, ఫిట్స్‌తో వచ్చిన పిల్లకు జపనీస్ ఎన్‌కెఫలైటిస్, హెర్పిస్, టీబీ మెనింజైటిస్, డెంగీ, స్క్రబ్ టైఫస్ ఏవీ కావని చూడాలి. అందుకే డాక్టర్లు మొదటి ఒకటి రెండు రోజులు ఎసైక్లోవిర్ అనే వైరస్ మందు, యాంటీబయాటిక్ ఇస్తూనే పరీక్షలు పంపుతారు. "ఇన్‌ఫెక్షన్ మందు ఎందుకు ఇస్తున్నారు, స్టెరాయిడ్ ఎందుకు ఇవ్వట్లేదు?" అని ఆ సమయంలో గొడవపడకండి. అది సరైన వరసే.

రక్తపరీక్ష: ఎక్కడైనా ఒకటే అనుకోవద్దు

మాగ్ పరీక్షలో మూడు రకాలున్నాయి. పాత పద్ధతి ఎలైసా. ఈ జబ్బుకు దాన్ని నమ్మకూడదు. 2000 దశకంలో ఇలాంటి పాత పద్ధతుల వల్లే మాగ్ యాంటీబాడీ ఎంఎస్‌కు గుర్తని కొన్నాళ్ళు పొరపాటు పడ్డారు. ఇప్పుడు ప్రమాణం సెల్ బేస్డ్ అసే. అంటే మాగ్ ప్రొటీన్‌ను పైన తొడుక్కున్న కణాల మీద పిల్ల రక్తంలోని యాంటీబాడీ అంటుకుంటుందా అని చూడటం. ఇందులో బతికున్న కణాలతో చేసేది లైవ్, రసాయనంతో స్థిరపరిచిన కణాలతో చేసేది ఫిక్స్‌డ్. లైవ్ మరింత నమ్మకమైనదే గానీ అది కొన్ని పరిశోధన కేంద్రాల్లోనే దొరుకుతుంది. మన ల్యాబుల్లో ఎక్కువగా జరిగేది ఫిక్స్‌డ్. అది చాలు, ఒక షరతు మీద: టైటర్ ఎంతో, అంటే రక్తాన్ని ఎంత పలచబరిచినా యాంటీబాడీ ఇంకా కనపడుతోందో, రాయించుకోవాలి.

2023లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఈ జబ్బు నిర్ధారణకు నియమాలు ప్రకటించింది. వాటి ప్రకారం ఫిక్స్‌డ్ పరీక్షలో టైటర్ 1:100 గానీ అంతకన్నా ఎక్కువగా గానీ ఉంటే స్పష్టమైన పాజిటివ్. 1:10 నుంచి 1:100 లోపు ఉంటే బలహీనమైన పాజిటివ్. అసలు టైటర్ రాయకుండా "పాజిటివ్" అని వదిలేస్తే అదీ బలహీనమైనదానితో సమానమే. అప్పుడు ఆక్వాపోరిన్ నెగెటివ్ కావాలి, ఎంఆర్‌ఐలో ఈ జబ్బుకు తగిన గుర్తులు కనపడాలి. చాలా రిపోర్టుల్లో ఒకే ఒక్క పదం ఉంటుంది. ల్యాబుకు ఫోన్ చేసి "టైటర్ కూడా ఇవ్వగలరా, శాంపిల్ ఉందా?" అని అడిగితే ఒక్కోసారి ఉన్న శాంపిల్ మీదే చేసి ఇస్తారు. మాకు అలాగే దొరికింది.

రక్తం ఎప్పుడు తీశారన్నది కూడా చూసుకోవాలి. ఐవీఐజీ (దాతల ప్లాస్మా నుంచి తీసిన యాంటీబాడీల మందు) ఎక్కించకముందే, ప్లాస్మా మార్చకముందే తీయాలి. తర్వాత తీస్తే ఫలితం తప్పుదారి పట్టించవచ్చు. ఫలితానికి రోజులు పడుతుంది. అది వచ్చేదాకా వైద్యం ఆపనక్కర్లేదు, శాంపిల్ మాత్రం పక్కన పెట్టించాలి. జబ్బు లక్షణాలన్నీ మాగ్ లాగానే ఉండి పరీక్ష నెగెటివ్ వస్తే మూడు నెలల తర్వాత ఇంకోసారి చేయించడం న్యాయం. లక్షణాలే పోలని పిల్లకు "ఓ పరీక్ష చేసి చూద్దాం" అని పంపితే తక్కువ టైటర్‌తో పాజిటివ్ వచ్చి లేనిపోని చిక్కులో పడతారు.

మొదటి ఎటాక్: స్టెరాయిడా, ఐవీఐజీనా, ప్లాస్మానా

ఈ మూడింటిలో ఒకటి ఎంచుకోవడం అనడం కన్నా వరస పెట్టుకోవడం అనాలి.

మొదటిది సెలైన్‌లో ఇచ్చే మిథైల్‌ప్రెడ్నిసలోన్. రోజుకు కిలో బరువుకు 20 నుంచి 30 మిల్లీగ్రాములు, 1 గ్రాము దాటకుండా, 3 నుంచి 5 రోజులు. 15 కిలోల పిల్లకు కిలోకు 30 లెక్కన రోజుకు 450 మిల్లీగ్రాములు. ఖర్చు తక్కువ, దాదాపు ఏ పెద్ద ఆసుపత్రిలోనైనా దొరుకుతుంది, చాలామంది పిల్లల్లో రెండు మూడు రోజుల్లోనే తేడా కనిపిస్తుంది. షుగరు, బీపీ చూస్తుండాలి. పిల్ల రాత్రంతా నిద్రపోదు, ఏడుస్తుంది, ఆకలి విపరీతంగా వేస్తుంది. ఇవన్నీ మందు వల్లే, తగ్గిపోతాయి. మొదలుపెట్టే ముందు టీబీ లేదని చూడటం మన దేశంలో తప్పనిసరి.

రెండోది ఐవీఐజీ. వేలమంది దాతల ప్లాస్మా నుంచి తీసిన యాంటీబాడీలు. మొత్తం కిలోకు 2 గ్రాములు, 2 నుంచి 5 రోజుల్లో. అదే 15 కిలోల పిల్లకు 30 గ్రాములు, అంటే 5 గ్రాముల సీసాలు ఆరు. బిల్లు పెరిగేది ఇక్కడే. మందు నెమ్మదిగా మొదలుపెట్టి అరగంటకోసారి వేగం పెంచుతారు. మా అమ్మాయికి పెట్టిన రాత్రి సీసాలో మందు కదలట్లేదేమోనని నేను చేత్తో కదపబోతే సిస్టర్ పరుగున వచ్చింది. "అమ్మా, ఊపకండి, నురగ వస్తుంది. పాపకు మాత్రం నీళ్ళు బాగా పట్టించండి, లేకపోతే రేపు తలనొప్పి అంటుంది." ఆవిడ అన్నట్టే ఈ మందుతో తలనొప్పి, వాంతులు మామూలు. మెడ బిగుసుకుని వెలుతురు చూడలేకపోతే మాత్రం వెంటనే చెప్పాలి.

స్టెరాయిడ్‌కు సరిగా లొంగనప్పుడు, లేదా ఇన్‌ఫెక్షన్ అనుమానం తీరక స్టెరాయిడ్ ఇవ్వడానికి వెనకాడుతున్నప్పుడు ఐవీఐజీ వైపు వెళ్తారు. డబ్బుండి రెండూ మొదటి రోజే కలిపి ఇవ్వమని అడిగేవాళ్ళున్నారు. తేలికపాటి ఎటాక్‌లో దానివల్ల ఒరిగేది తక్కువని నా అభిప్రాయం. స్పృహ బాగా తగ్గిన పిల్లకు, రెండు కాళ్ళూ పడిపోయిన పిల్లకు, రెండు కళ్ళూ కనపడని పిల్లకు ఐదు రోజులు ఆగి చూడటం కూడా తప్పే. అక్కడ రెండో అడుగు త్వరగా వేయాలి.

మూడోది ప్లాస్మా మార్పిడి. రక్తాన్ని యంత్రంలోకి తీసి, ప్లాస్మాను వేరుచేసి, బదులు ఆల్బుమిన్ కలిపి తిరిగి ఎక్కిస్తారు. సాధారణంగా రోజు విడిచి రోజు 5 నుంచి 7 సార్లు. తీవ్రమైన ఎటాక్‌లో ఇది బాగా పనిచేస్తుంది. చిన్నపిల్లల్లో మాత్రం కష్టం వేరు. 15 కిలోల పిల్ల ఒంట్లో మొత్తం రక్తమే దాదాపు 1.1 నుంచి 1.2 లీటర్లు. అందులో కొంత ఒక్కసారిగా గొట్టాల్లోకి వెళ్తే బీపీ పడిపోతుంది. మెడ దగ్గరో తొడ దగ్గరో పెద్ద రక్తనాళంలో గొట్టం వేయాలి. పిల్లల ఐసీయూ, చిన్న బరువున్న పిల్లలకు చేసి అలవాటున్న బృందం ఉన్నచోటే చేయించాలి. ఇంకో చిక్కు ఏమిటంటే, ఐవీఐజీ ఇచ్చిన వెంటనే ప్లాస్మా మారిస్తే ఎక్కించిన మందు చాలావరకు బయటికి పోతుంది. అందుకే పిల్ల పరిస్థితి బాగా తీవ్రంగా ఉంటే, ఐవీఐజీ సీసాలు కొనే ముందే "ప్లాస్మా అవసరం పడేలా ఉందా?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు మీదే ఖర్చు, సమయం రెండూ ఆధారపడతాయి.

ఉన్న ఊళ్ళోనే ఉండాలా, పెద్ద ఊరు తీసుకెళ్ళాలా అన్నదీ ఇక్కడే వస్తుంది. మత్తు ఇచ్చి ఎంఆర్‌ఐ తీసే వసతి, పిల్లల న్యూరాలజిస్టు, పిల్లల ఐసీయూ మూడూ ఉంటే ఉన్నచోటే చాలు. లేకపోతే మొదటి స్టెరాయిడ్ డోసు అక్కడే మొదలుపెట్టించి బయల్దేరవచ్చా అని అడగండి. హైదరాబాద్, విశాఖ, విజయవాడ, తిరుపతిలో ఈ వసతులున్న ఆసుపత్రులున్నాయి. సరిహద్దు జిల్లాల వాళ్ళకు వేలూరు సీఎంసీ, బెంగళూరు నిమ్హాన్స్ దగ్గర. చివరి రెండూ అనుభవమున్నవే, కానీ స్పృహలేని పిల్లతో రాత్రంతా ప్రయాణం చేసి వెళ్ళే అవసరం మొదటి ఎటాక్‌లో చాలామందికి ఉండదు. తగ్గాక రెండో అభిప్రాయం కోసం వెళ్ళండి.

ఇంటికి వచ్చాక ప్రెడ్నిసలోన్ ఎన్నాళ్ళు

సెలైన్ స్టెరాయిడ్ అయ్యాక నోటిద్వారా ప్రెడ్నిసలోన్ ఇచ్చి మెల్లగా తగ్గిస్తారు. కొందరు డాక్టర్లు నెలా నెలన్నరలో ఆపేస్తారు, కొందరు మూడు నెలల దాకా ఇస్తారు. త్వరగా ఆపితే ముఖం ఉబ్బడం, బరువు, ఎముకలు, ఎదుగుదల సమస్యలు తక్కువ. మరీ త్వరగా ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంటుంది. ఈ జబ్బు తరచు డోసు తగ్గించేటప్పుడో, ఆపిన కొత్తలోనో తిరగబెడుతుంది. 2024లో ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ వైద్యులు ప్రచురించిన పరిశీలనలో పిల్లలకు రోజుకు కిలోకు 0.16 మిల్లీగ్రాముల చొప్పున కనీసం మూడు నెలలు ఇస్తే తొలి రిలాప్స్ (జబ్బు తిరగబెట్టడం) ఆలస్యమవుతుందని తేలింది. 15 కిలోల పిల్లకు అది రోజుకు రెండున్నర మిల్లీగ్రాముల లోపే, చాలా చిన్న డోసు. యూరప్ పిల్లల నిపుణులు మాత్రం మూడు నెలలు దాటించవద్దంటారు. రెండూ కలిపి చూస్తే, పెద్ద డోసు త్వరగా తగ్గించి, చిన్న డోసును మూడు నెలల దాకా సాగదీయడం నాకు సబబుగా తోస్తుంది. ఆరు నెలలు, ఏడాది ఇచ్చేస్తామంటే కారణం అడగండి.

ఒక్కటి మాత్రం ఎవరు చెప్పినా వినకండి: "ముఖం ఉబ్బింది, ఆపేయండి" అని చుట్టాలు చెప్పే మాట. వారాల తరబడి స్టెరాయిడ్ వాడిన పిల్లకు ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ తగ్గిపోయి ఉంటుంది. ఒక్కసారిగా ఆపితే, ముఖ్యంగా జ్వరం, వాంతులు ఉన్నప్పుడు, ప్రాణానికే ముప్పు.

మొదటి ఎటాక్ తగ్గింది. ఆగి చూడటమా, మందు మొదలుపెట్టడమా?

నిద్ర పట్టనివ్వని నిర్ణయం ఇదే. పిల్లల్లో సగం కన్నా ఎక్కువమందికి రెండో ఎటాక్ రాదు. ఏళ్ళ తరబడి రోగనిరోధక శక్తిని తగ్గించే మందు మొదటి ఎటాక్‌కే మొదలుపెడితే, అవసరం లేని పిల్లలకే ఎక్కువగా ఇచ్చినట్టవుతుంది. అందుకే నిపుణులు చాలామంది రెండో ఎటాక్ వచ్చాకే అంటారు. నా ఎంపిక కూడా అదే.

మినహాయింపులున్నాయి. మొదటి ఎటాకే పెద్ద నష్టం మిగిల్చితే, ఇంకో ఎటాక్ వస్తే ఉన్న కాస్త చూపు కూడా పోతుందన్న పరిస్థితిలో, ఆగడం సరికాదు. బాగా చిన్నపిల్లల్లో కొద్దిమందికి రెండు వైపులా తెల్ల పదార్థమంతా పాకే రూపం ఒకటుంది, చూడటానికి ల్యూకోడిస్ట్రఫీ అనే జన్యు సంబంధమైన తెల్ల పదార్థపు జబ్బు లాగే కనిపిస్తుంది. అది మొండిది, దానికి లెక్క వేరు.

యాంటీబాడీ పాజిటివ్‌గానే ఉందన్న ఒక్క కారణంతో మందు మొదలుపెట్టనక్కర్లేదు. ఆరు నెలలకో ఏడాదికో మళ్ళీ పరీక్షిస్తే చాలామంది పిల్లల్లో నెగెటివ్ అవుతుంది. అది మంచి సూచనే. పాజిటివ్‌గా మిగిలినవాళ్ళందరికీ తిరగబెట్టదు, నెగెటివ్ అయినవాళ్ళకు అసలే రాదనీ కాదు. నెలనెలా టైటర్ చేయించి ఆ అంకె చూసి బెంగపడటం వృథా.

ఆగి చూడటం అంటే ఏమీ చేయకపోవడం కాదు. నడక, చూపు, మూత్రం, మాట మీద కన్నేసి ఉంచాలి. జ్వరం వచ్చినప్పుడు పాత లక్షణాలు కాసేపు తిరిగి కనపడి, జ్వరం తగ్గగానే పోవచ్చు; అది కొత్త ఎటాక్ కాదు. జ్వరం లేకుండా కొత్త లక్షణం ఒక రోజు దాటి నిలిచిందంటే ఆసుపత్రికి వెళ్ళాలి. ఎంఆర్‌ఐ మూడు నుంచి ఆరు నెలల మధ్య ఒకసారి తీయించి ఉంచుకుంటే, తర్వాత ఎప్పుడైనా పోల్చుకోవడానికి పనికొస్తుంది.

రెండో ఎటాక్ వచ్చాక: నాలుగు మందులు

ఐవీఐజీ, రిటుక్సిమాబ్, మైకోఫెనోలేట్, అజాథయోప్రిన్. ఈ నాలుగూ వేరే జబ్బుల కోసం అనుమతి పొందినవే. అందుకే బీమా కంపెనీలు మొదటిసారి అడ్డు చెప్పడం మామూలు. ఎటాకుల తేదీలు, ఎంఆర్‌ఐ, టైటర్ అన్నీ ఉన్న డాక్టర్ లెటర్ చేతిలో ఉంటే చాలావరకు దారి తెరుచుకుంటుంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళు కూడా ముందస్తు అనుమతి కోసం ఇదే లెటర్‌తో పోరాడుతున్నారు.

పిల్లల మీద ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూసిన పరిశీలన 2018లో వచ్చింది. మళ్ళీ మళ్ళీ ఎటాక్ వచ్చిన 102 మంది పిల్లలు అందులో ఉన్నారు. ఏడాదికి సగటు ఎటాకులు ఐవీఐజీతో 2.16 నుంచి 0.51కి, మైకోఫెనోలేట్‌తో 1.79 నుంచి 0.52కి, రిటుక్సిమాబ్‌తో 2.12 నుంచి 0.67కి, అజాథయోప్రిన్‌తో 1.84 నుంచి 1.0కి తగ్గాయి. ఒక్కో మందు వాడిన పిల్లలు ఇరవై మందికి మించరు. చీటీ వేసి మందు పంచిన పరిశోధన కాదు. అందుకని 0.51కి, 0.52కి తేడా ఉందని చూడకండి. అజాథయోప్రిన్ వెనకబడిందన్నది మాత్రం గమనించదగ్గది.

చిన్నపిల్లలకు నా మొదటి ఓటు నెలనెలా ఇచ్చే ఐవీఐజీకి. సాధారణంగా నాలుగు వారాలకోసారి కిలోకు 1 గ్రాము. ఇది రోగనిరోధక శక్తిని తగ్గించదు. స్కూల్లో నలుగురి దగ్గుల మధ్య తిరిగే ఐదేళ్ళ పిల్లకు అది చిన్న విషయం కాదు. ఖరీదు దీని అడ్డంకి. 15 కిలోల పిల్లకు నెలకు 5 గ్రాముల సీసాలు మూడు, పిల్ల పెరిగేకొద్దీ సీసాలూ పెరుగుతాయి. నెలకో రోజు ఆసుపత్రి, ప్రతిసారీ నరం వెతకడం. శ్రీకాకుళం జిల్లాలో లోపలి ఊరి నుంచి నెలనెలా విశాఖ వచ్చే కూలీ కుటుంబానికి ఇది మూడో నెలకే ఆగిపోతుంది. ఆగిపోయే ఐవీఐజీ కన్నా ఆగని ఇంకో మందు మేలు.

రిటుక్సిమాబ్‌కు ఆ ఇబ్బంది లేదు. మొదటి కోర్సు తర్వాత దాదాపు ఆరు నెలలకోసారి. హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2007లోనే దీని దేశీ రూపాన్ని రెడిటక్స్ పేరుతో తెచ్చింది కాబట్టి ఇది మనకు కొంత అందుబాటు ధరలో దొరుకుతుంది. ఎన్‌ఎంఓలో పనిచేసినంత బాగా మాగ్‌లో పనిచేయదు. 121 మంది మీద 2020లో వచ్చిన పరిశీలనలో ఎటాకుల రేటు 37 శాతం తగ్గింది. ఈ మందు తుడిచిపెట్టే బీ కణాలు (యాంటీబాడీల తయారీకి మూలమైన తెల్లకణాలు) సున్నాకు వచ్చాక కూడా కొందరికి ఎటాక్ వచ్చింది. మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బీ, టీబీ, ఇమ్యునోగ్లోబులిన్ (రక్తంలోని యాంటీబాడీల) స్థాయి చూడాలి. చిన్నపిల్లల్లో ఆ ఇమ్యునోగ్లోబులిన్ పడిపోయి చాలాకాలం లేవకపోవచ్చు, అప్పుడు ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్లు మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఐదేళ్ళలోపు పిల్లకు ఇది రెండో ఎంపికగానే ఉంచుతాను.

మైకోఫెనోలేట్ ఇంట్లోనే రోజుకు రెండుసార్లు ఇచ్చే మందు. ఆసుపత్రి దూరమైనవాళ్ళకు ఇదే నిజమైన దారి. పూర్తిగా పనిచేయడానికి కొన్ని నెలలు పడుతుంది, అందాకా చిన్న డోసు స్టెరాయిడ్ తోడుండాలి. విరేచనాలు, తెల్లకణాలు తగ్గడం చూసుకోవాలి, రక్తపరీక్ష తప్పించకూడదు. చాలామంది చెప్పని జాగ్రత్త ఒకటుంది. ఇది కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. మాత్రను నూరి తేనెలో కలిపి పెట్టడం మన ఇళ్ళల్లో అలవాటు కదా. గర్భిణి, లేదా బిడ్డ కోసం చూస్తున్న తల్లి ఆ పొడిని ముట్టుకోకూడదు, పీల్చకూడదు. ద్రవరూపంలో ఇస్తారా అని అడగండి.

అజాథయోప్రిన్ అన్నిటికన్నా చవక. పనిచేయడానికి ఆరు నెలల దాకా పడుతుంది. మన దేశంలో కొందరికి ఎన్‌యూడీటీ15 అనే జన్యువులో మార్పు వల్ల మామూలు డోసుకే తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. ఆ పరీక్ష వీలైతే ముందే చేయించాలి, కాకపోతే మొదటి వారాల్లో రక్తపరీక్షలు దగ్గర దగ్గరగా చేయించాలి. ఇంకేదీ కుదరనప్పుడే ఇది.

వీటికీ లొంగకపోతే టోసిలిజుమాబ్ లాంటివి, లేదా రెండు మందులు కలిపి ఇవ్వడం ఉంది. ఆ దశకు వచ్చిన పిల్లను అనుభవమున్న పెద్ద కేంద్రంలోనే చూపించాలి. ఏ మందైనా ఎటాక్ లేకుండా ఏడాది, రెండేళ్ళు గడిచాక తగ్గించవచ్చా అని అడగడం మీ హక్కు.

ఖర్చు సంగతి: తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీ ఆసుపత్రిలో ఏ ప్యాకేజీ వర్తిస్తుందో చేరిన రోజే కౌంటర్ దగ్గర అడగండి. డిశ్చార్జి రోజు అడిగితే చేయగలిగింది తక్కువ.

టీకాలు మందుకు ముందా, తర్వాతా

మందు నిర్ణయంతోపాటే దీన్నీ తేల్చుకోవాలి, ఎందుకంటే తర్వాత సరిదిద్దడం కష్టం. రిటుక్సిమాబ్, మైకోఫెనోలేట్ వాడుతున్నప్పుడు తట్టు-రుబెల్లా, ఆటలమ్మ లాంటి బతికున్న టీకాలు వేయకూడదు. జబ్బు ఆగగలిగే స్థితిలో ఉంటే మందుకు కనీసం నాలుగు వారాల ముందే వాటిని పూర్తిచేయాలి. న్యుమోకోకల్ లాంటి, బతికున్నవి కాని టీకాలు రెండు వారాల ముందైనా అయిపోవాలి. రిటుక్సిమాబ్ పడ్డాక వేస్తే సరిగా పట్టవు. పెద్ద డోసు స్టెరాయిడ్ రెండు వారాలు దాటి వాడితే, ఆపిన తర్వాత కనీసం నెల ఆగి బతికున్న టీకా వేయించాలి. కిలోకు 2 గ్రాముల ఐవీఐజీ ఇచ్చాక తట్టు, ఆటలమ్మ టీకాలకు 11 నెలలు ఆగాలి, లేకపోతే ఎక్కించిన యాంటీబాడీలే టీకాను పనిచేయనివ్వవు. ఆరోగ్య ఉపకేంద్రంలో ఏఎన్ఎంకు ఈ విషయం తెలియకపోవచ్చు, కార్డు చూసి "టైమ్ అయింది" అని వేసేస్తారు. టీకా కార్డు మీదే పెద్ద అక్షరాలతో ఐవీఐజీ తేదీ రాయించండి.

పల్స్ పోలియో రోజుల్లో ఇంటికొచ్చి చుక్కలు వేస్తామంటే, రోగనిరోధక శక్తి తగ్గించే మందు వాడుతున్న పిల్లకు వద్దని చెప్పండి. ఆ పిల్లతో ఒకే ఇంట్లో ఉండే తమ్ముడికీ చుక్కల బదులు ఇంజెక్షన్ టీకా వేయించమంటారు పిల్లల డాక్టర్లు, చుక్కల్లోని వైరస్ మలం ద్వారా బయటికి వస్తుంది గనక. ఫ్లూ ఇంజెక్షన్ మాత్రం ఏటా ఇంట్లో అందరూ వేయించుకోవచ్చు.